సేవాగఢ్ నుంచి పొహరాగఢ్ దాకా: మన సేవాభాయా జీవితం

సంత్ సేవాలాల్ మహరాజ్ 1739 ఫిబ్రవరి 15న, మన గుంతకల్లుకు పొరుగున గుత్తి ప్రాంతంలోని గొల్లలదొడ్డి దగ్గర విడిది చేసిన తండాలో జన్మించారని పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. తండ్రి భీమా నాయక్. తల్లి ధర్మిణీ యాడీ. ఆ చోటునే ఇప్పుడు మనం సేవాగఢ్ అంటున్నాం. ఏటా ఫిబ్రవరిలో తెలంగాణ నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి వేల మంది గోర్ జనం అక్కడికి వచ్చి భోగ్ సమర్పించి వెళతారు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! జయంతి రోజున తెల్లజెండా పట్టుకుని ఊరేగింపులో నడిచినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మాల వేసుకుని దీక్ష చేసినవాళ్లూ ఉన్నారు. కానీ సేవాభాయా ఎలా బతికారు, ఏ ఇంట్లో పెరిగారు, ఆ ఇంటివాళ్లతో ఏ విషయంలో పట్టుబట్టారు, పుట్టిన చోటికి అంత దూరంలో ఎందుకు కన్నుమూశారు అని అడిగితే, మా హాస్టల్ పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అందుకే ఈ సంచికలో ఆయన జీవితాన్ని ఒక కుటుంబం కథగా మీకు చెప్పాలనుకున్నాను. మన నానమ్మలు చెప్పేది కూడా అలాగే. ఆయన చేత్తో రాసిన పుస్తకం ఏదీ మనకు లేదు. ఢాడీల పాటల్లో, భాట్ల వంశావళుల్లో, రాత్రిపూట నంగారా వాయించుకుంటూ పాడే భజనల్లో ఆయన కథ నిలిచింది. పెద్దల నోట విన్నది విన్నట్టుగా, చరిత్రలో ఉన్నది చరిత్రగా చెబుతాను.

నడిచే ఊరు

భీమా నాయక్ తండా అంటే ఈనాటి తండాలా మట్టిగోడల ఇళ్లు, సిమెంటు రోడ్డు, నీళ్ల ట్యాంకు ఉన్న చోటు అనుకోకండి. అప్పటి తండా ఒక నడిచే ఊరు. ఎద్దుల వీపుల మీద ఉప్పు గోనెలు, ధాన్యం గోనెలు వేసుకుని నెలల తరబడి సాగే ఆ ప్రయాణాన్ని లదేణి అనేవారు. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు పైనాడుకు వచ్చేది. పైనాడు నుంచి ధాన్యం, పత్తి కిందికి పోయేవి. రోజుకు కొన్ని మైళ్లే నడక. గడ్డి, నీళ్లు ఉన్నచోట దిగడం, అవి అయిపోతే లేవడం. వానాకాలంలో ఎద్దులు నడవలేవు కాబట్టి మెరక నేల చూసుకుని నాలుగు నెలలు ఒకేచోట ఉండేవారు. దారి నిర్ణయించేది నాయక్. ఆయనకు తోడు కారోబారీ. తగువు వస్తే నసాబ్ కూర్చుని తీర్పు చెప్పేది.

మన పెద్దల మూలాలు మార్వాడ ప్రాంతంలో ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో మొగలు సైన్యాలు దక్కనుకు దిగివచ్చినప్పుడు వాటికి ధాన్యం మోసుకుంటూ భంగీ నాయక్, జంగీ నాయక్ లక్షా ఎనభై వేల ఎద్దులతో వచ్చారని చెప్పుకుంటారు. అలా వచ్చినవాళ్లు తిరిగి పోలేదు. మార్వాడ మాట నాలుక మీద ఉండిపోయింది, కాళ్లు మాత్రం ఈ నేల మీద పడ్డాయి. సేవాలాల్ పుట్టేనాటికే మన కుటుంబాలు ఒక సొంత నేలను వదిలి వచ్చినవన్నమాట.

పసుల కాపరి పిల్లాడు

సేవాలాల్ చిన్నతనమంతా ఆవుల వెంట గడిచింది. యాడీ కట్టిచ్చిన సద్దిని తాను తినకుండా ఆకలితో ఉన్నవాళ్లకు పెట్టేవాడనీ, ఒకసారి తోటి పిల్లలు ఆకలంటే మట్టిని తీపి సీరాగా మార్చి పెట్టాడనీ కథలున్నాయి. మా హాస్టల్లో చిన్నపిల్లలకు ఈ కథ చాలా ఇష్టం. మట్టి సీరా అవుతుందా అని నన్ను అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ కథ పుట్టిన నేలను చూడండి, అర్థమవుతుంది. వాన ముఖం చాటేస్తే మట్టి తప్ప మరేమీ మిగలని ప్రాంతం ఇది. అలాంటిచోట పక్కవాడి ఆకలి ముందు తీర్చిన పిల్లాడిని జనం మరచిపోలేదు.

ఇంట్లో మొదలైన పట్టుదల

ఇప్పుడు అసలు కథకు వద్దాం. భీమా నాయక్, ధర్మిణీ యాడీలకు చాలాకాలం పిల్లలు కలగలేదు. మేరామా యాడీని, అంటే జగదంబను, మొక్కుకుంటే సేవాలాల్ పుట్టాడని పెద్దలు చెబుతారు. ఆ మొక్కులో ఒక మెలిక ఉంది. పుట్టిన కొడుకును తనకు భగత్‌గా ఇవ్వాలని దేవి కోరింది. బిడ్డ లేని ఇంట్లో ఆ మాట ఇవ్వడం సులువే. బిడ్డ పెరిగి ఎదిగాక నిలబెట్టుకోవడమే కష్టమైంది.

దేవి తన భగత్‌ను అడిగిన రోజు సేవాలాల్ ఒప్పుకోలేదు. దేవికి మేకపోతులను బలి ఇవ్వాలి. ఆయన చేత్తో ప్రాణం తీయడు, మాంసం ముట్టడు. తండ్రి ఇటూ అటూ కాకుండా నలిగిపోయాడు. ఇచ్చిన మాట ఒకవైపు, కొడుకు మనసు మరోవైపు. ఆ తర్వాత తండాకు కష్టాలు వరసగా వచ్చాయని కథ చెబుతుంది. ఆవులు పడిపోయాయి, సరుకు సాగలేదు, రోగాలు వచ్చాయి. నిన్నటిదాకా సేవాలాల్‌ను మెచ్చుకున్నవాళ్లే ఒక్కడి పట్టుదలకు ఇంతమంది ఎందుకు నష్టపోవాలని గొణగడం మొదలుపెట్టారు. నాయక్ ఇంటి గొడవ తండా గొడవ అయింది.

ఇంటి ముందు జనం గుమిగూడినప్పుడు ఆ తల్లి ఏం చేసి ఉంటుందో కథలో పెద్దగా లేదు. మన కథల్లో మగవాళ్ల మాటలు ఎక్కువగా నిలుస్తాయి. అయినా ఊహించడం కష్టం కాదు. పశువులు పడిపోతే పాలు తగ్గేది ఆమె కుండలోనే. కొడుకును తప్పుపట్టే ఆడవాళ్ల మధ్యే ఆమె నీళ్లకు పోవాలి.

చివరకు సేవాలాల్ తండా కోసం తలవంచారు. దేవి సేవకు ఒప్పుకున్నారు. కానీ తన నియమాన్ని వదలలేదు. ఈ రాజీ ఎలా కుదిరిందో తెలియాలంటే మీ తండాలో గుడికి వెళ్లి చూడండి. చాలా తండాల్లో సేవాభాయా గుడి, మేరామా యాడీ గుడి పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద తెల్లజెండా, ఇంకోదాని మీద ఎర్రజెండా. సేవాభాయాకు గోధుమపిండి, బెల్లం, నెయ్యితో తీపి భోగ్. దేవి మొక్కు ఉన్నవాళ్లు అది వేరుగా తీర్చుకుంటారు. ఒకరి వంట ఇంకొకరి ముందుకు పోదు. అలాగని ఒకరిని విడిచి ఇంకొకరికి మొక్కరు. ఇల్లు చీలకుండా ఇద్దరి మాటా నిలబెట్టే పద్ధతి అది. పుస్తకం లేని జాతి తన తగువునూ దాని తీర్పునూ రెండు జెండాల్లో దాచుకుంది.

పెళ్లి వద్దన్న కొడుకు

రెండో పట్టుదల పెళ్లి గురించి. నాయక్ పెద్దకొడుకు పెళ్లి చేసుకోవాలి, పిల్లల్ని కనాలి, తండ్రి తర్వాత తండాను నడపాలి. సేవాలాల్ జీవితాంతం బ్రహ్మచారిగానే ఉండిపోయారు. వంశం తమ్ముళ్ల ద్వారా సాగింది. ఈ విషయంలో దేవికి కూడా ఆయన లొంగలేదని కథకులు చెబుతారు.

ఇంటి పెద్దకొడుకు ఇల్లు కట్టుకోకపోతే తల్లిదండ్రులకు ఎలా ఉంటుందో మీకు తెలుసు. అయితే సొంత సంసారం లేని ఆయనకు ప్రతి తండా సొంతమైంది. గుర్రం మీద తండా నుంచి తండాకు తిరిగారు. ఆ గుర్రం పేరు తోళారాం అని భజనల్లో వస్తుంది. ఎక్కడ తగువు ఉంటే అక్కడ నసాబ్‌లో కూర్చున్నారు. సారా మానమన్నారు. దొంగతనం, అబద్ధం వద్దన్నారు. ఆడవాళ్లను గౌరవించమన్నారు. అడవిని, నీటిని కాపాడుకోమన్నారు. మనిషికీ మనిషికీ మధ్య ఎక్కువ తక్కువలు చూడొద్దన్నారు. చదువుకున్నది పదిమందికి పంచమన్నారు. ఇవన్నీ ఆయన చెప్పిన మాటలుగా ఈనాటికీ తండాల్లో వినిపిస్తాయి.

సారా విషయం ఇంకొంచెం చెప్పాలి. ఊరూరూ తిరిగే జనానికి ఆస్తి అంటే ఎద్దులే. తాగుడుకు ఎద్దు అమ్ముడుపోతే ఆ కుటుంబం లదేణిలో వెనకబడిపోతుంది. వెనకబడితే తండా ఆగదు. తాగవద్దన్న మాట వెనక తండా ముక్కలు కాకూడదన్న జాగ్రత్త ఉంది. ఈరోజు తండాల్లో సారా వల్ల బడి మానేసిన పిల్లల్ని చూస్తూనే ఉన్నాను కాబట్టి ఆ జాగ్రత్త పాతబడిందని నేను అనుకోను.

యుద్ధాల మధ్య, కరువుల మధ్య

సేవాభాయా బతికిన కాలం మన ప్రాంతానికి నెమ్మదిలేని కాలం. గుత్తి కోట మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే చేతిలో ఉండేది. 1776లో హైదర్ అలీ దాన్ని ముట్టడించాడు. కోటలో నీళ్లు అడుగంటాక మురారి రావు లొంగిపోయాడు. తర్వాత టిప్పు, ఆ తర్వాత నిజాం. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలం అన్న పేరు అలా వచ్చిందే. ఒక్క మనిషి జీవితకాలంలో ఈ నేల నలుగురు ఏలికల చేతులు మారింది.

ఏ సైన్యం వచ్చినా దానికి తిండి మోసింది మనవాళ్లే. 1791లో టిప్పు మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యం ఆకలితో అల్లాడినప్పుడు దానికి ధాన్యం అందించింది బంజారా ఎద్దుల బిడారులే. అదే ఏళ్లలో దక్కనును పెద్ద కరువు పట్టింది. చచ్చినవాళ్లను పూడ్చేవాళ్లు లేక పుర్రెలు బయట పడి ఉండేవని ఆ కరువును పుర్రెల కరువు అన్నారు. దారుల్లో దోపిడీలు, పన్నుల పేరుతో పశువుల్ని పట్టుకోవడం, నీళ్ల కోసం తగువులు అప్పట్లో మామూలు. తండాలు గడ్డి ఉన్నవైపు, నెమ్మది ఉన్నవైపు జరుగుతూ పోయాయి.

సేవాభాయా హైదరాబాదు వైపు వెళ్లారనీ, అక్కడ ప్రబలిన రోగం నుంచి జనాన్ని కాపాడారనీ కథలున్నాయి. అక్కడి నుంచి ఇంకా ఉత్తరానికి, బేరారు ప్రాంతానికి సాగారు. 1806లో రూయీగఢ్‌లో దేహం విడిచారని, పొహరాగఢ్‌లో సమాధి చేశారని మన సంప్రదాయం చెబుతుంది. పొహరాదేవి ఇప్పుడు మహారాష్ట్రలోని వాశిం జిల్లా మానోరా తాలూకాలో ఉంది. గుత్తి కొండల దగ్గర పుట్టిన మనిషి విదర్భ నేలలో కలిసిపోయాడు. పుట్టిన చోటికి తిరిగి వచ్చి కన్నుమూయడం ఆయనకు దొరకలేదు.

దారులు మూసుకుపోయాక

సేవాభాయా తర్వాతి వందేళ్లు తండాను నిలబెట్టేశాయి. ఆయన పోవడానికి ముందు ఏడాది, 1805లో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద కంపెనీ గుత్తాధిపత్యం మొదలైంది. మన బతుకు ఉప్పు మీద. ఆ ఉప్పే దొరల అదుపులోకి పోయింది. 1871లో మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారి మన గుంతకల్లు మీదుగానే పోతుంది. వెయ్యి ఎద్దులు నెలలపాటు మోసే సరుకును రైలు రోజుల్లో చేర్చింది. మనం ఇంత పెద్ద జంక్షన్ అని గొప్పగా చెప్పుకునే గుంతకల్లు పట్టాల కింద మన తాతల లదేణి దారి అణిగిపోయి ఉంది.

అదే 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఊరూరూ తిరిగేవాళ్లంతా దొంగలే అన్న అనుమానంతో పుట్టిన చట్టం అది. మన జనంలో కొన్ని గుంపుల మీద కూడా ఆ ముద్ర పడింది. స్వతంత్రం వచ్చాక, 1952లో గానీ అది పోలేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవుల్లో పశువుల మేతకు హద్దులు పెట్టింది. ఉప్పు పోయింది, దారి పోయింది, మేత పోయింది, పైగా పరువు పోయింది. అప్పుడు తండాలు ఊళ్లకు దూరంగా, మెరక మీద, ఎవరికీ పనికిరాని గులకనేలల్లో ఆగిపోయాయి. మనం పుట్టి పెరిగిన తండాలు చాలావరకు అలా ఏర్పడినవే.

ఒక ఇల్లు, మూడు జాబితాలు

తర్వాత గీతలు గీశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లా రెండు ముక్కలైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు, బళ్లారి అటు. 1956లో మరోసారి, 1960లో మహారాష్ట్రతో మరోసారి, 2014లో తెలంగాణతో ఇంకోసారి హద్దులు మారాయి. గుంతకల్లు నుంచి బళ్లారికి రైలులో యాభై కిలోమీటర్లు ఉంటుందేమో. అన్నదమ్ముల పిల్లలు ఇటొకరు, అటొకరు అయ్యారు.

ఫలితం చూడండి. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలను 1956 నుంచి షెడ్యూల్డు తెగగా గుర్తించారు. తెలంగాణలో లంబాడీలకు ఆ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. కర్ణాటకలో అదే జనం షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. ఒకే గోత్రం, ఒకే భాష, ఒకే సేవాభాయా. సర్టిఫికెట్లు మాత్రం మూడు రకాలు. సెలవుల్లో బళ్లారి వైపు నుంచి వచ్చిన మేనబావ తనది వేరే కులమని చెబితే మా హాస్టల్ పాప ఒకతె నమ్మలేదు. తమ ఇద్దరి తాతా ఒక్కడే కదా అంది. ఆ పాపకు చెప్పడానికి నా దగ్గర చట్టం ఉంది గానీ, ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

సేవాభాయా జ్ఞాపకాన్ని కూడా అలాగే పంచుకున్నాం. కర్ణాటక సోదరులు దావణగెరె జిల్లా న్యామతి తాలూకాలోని సూరగొండనకొప్పను ఆయన జన్మస్థలంగా కొలుస్తారు. మనం సేవాగఢ్ అంటాం. సమాధి మహారాష్ట్రలో. పొహరాదేవిలో 2024 అక్టోబరులో బంజారా విరాసత్ మ్యూజియం తెరిచారు. సూరగొండనకొప్పలో పెద్ద జాతర జరుగుతుంది. మన సేవాగఢ్‌కు జనం వస్తూనే ఉన్నారు. ఏది అసలు జన్మస్థలం అని ఫోన్లలో తిట్టుకునే కుర్రాళ్లను చూస్తుంటాను. నడిచే తండాలో పుట్టినవాడి కోసం ఆ పోట్లాట అక్కర్లేదు. తండా దిగిన ప్రతిచోటా ఆయన్ను మావాడు అని చెప్పుకునే జనం మిగిలారు. మా ఊరివాడు అని ఇన్ని ఊళ్లు పట్టుబట్టడం మనకు లాభమే. గుంతకల్లులో రైలెక్కి బళ్లారి మీదుగా అటూ పోవచ్చు, ఇటూ రావచ్చు. మన తాతలకు లేని హద్దులను మనం మనసులో గీసుకోనక్కర్లేదు.

మీరు చేయగల పని

సేవాభాయా భవిష్యత్తు గురించి కొన్ని మాటలు చెప్పారని పెద్దలు అంటారు. వాటిలో ఒకటి, నీళ్లు డబ్బు పెట్టి కొనుక్కునే కాలం వస్తుందని. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన మన ప్రాంతంలో దీనికి వివరణ అక్కర్లేదు. ఆయన మాటను మహిమగా చెప్పుకుని వదిలేయకుండా, తండాలో ఒక కుంట పూడిక తీయడానికి పదిమంది కుర్రాళ్లు కూడితే జయంతికి అంతకంటే మంచి భోగ్ ఉండదు.

మీ అమ్మానాన్నలు బెంగళూరు కట్టడాల పనికో, గుంటూరు మిరపకోతలకో పోతారు. ఏడాదిలో కొన్ని నెలలు తండాలో ముసలివాళ్లు, పిల్లలే ఉంటారు. లదేణి మళ్లీ వచ్చింది, ఈసారి ఎద్దులు లేవు, నాయక్ లేడు, మేస్త్రీ ఉన్నాడు. అప్పుడు తండా మొత్తం కలిసి నడిచేది కాబట్టి భాష, పాట, గోత్రం వెంట నడిచేవి. ఇప్పుడు ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క దిక్కుకు పోతోంది. అందుకే ఆ మూట మోసే బాధ్యత చదువుకుంటున్న మీ మీద పడింది.

ఈ సెలవుల్లో ఒక నోటుపుస్తకం తీసుకోండి. మన గోర్ బోలికి సొంత లిపి లేకపోయినా తెలుగు అక్షరాల్లో రాయవచ్చు. మీ గోత్రం రాయండి. తాత, ముత్తాత, ఆపై పేర్లు ఎంతవరకు దొరికితే అంతవరకు రాయండి. మీ తండా ఈ చోటికి రాకముందు ఎక్కడ ఉండేదో నానమ్మను అడగండి. తీజ్ పాటలు ఫోనులో రికార్డు చేయండి. సరిహద్దు అవతల ఉన్న చుట్టాల పేర్లు, ఊళ్లు రాసుకోండి. బళ్లారిలో, దావణగెరెలో, యవత్మాల్‌లో ఉన్న మీ వయసువాళ్లతో గోర్ బోలిలో మాట్లాడండి. రానున్న ఫిబ్రవరి 15కు సేవాగఢ్ వచ్చినప్పుడు ఆ పుస్తకం వెంట తెచ్చుకోండి. అక్కడికి నాలుగు రాష్ట్రాల పెద్దలు వస్తారు. మీ దగ్గర తెగిపోయిన పేరు వాళ్లలో ఎవరో ఒకరి నోట దొరకవచ్చు.

జై సేవాలాల్! జై మేరామా యాడీ!